కాళ్లు కడుక్కుని దిగిన లోయ

పొద్దున ఎనిమిదిన్నర. కార్ పార్కింగ్ పక్కన గడ్డిలో కూర్చుని, చిన్న పుల్ల పట్టుకుని నా బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టి గీకుతున్నాను. పక్కనే మా బామ్మర్ది, వాడిదీ అదే పని. ఎదురుగా గైడ్ అమ్మాయి ఒక చేతిలో బ్రష్షు, ఇంకో చేతిలో స్ప్రే బాటిల్ పట్టుకుని నిలబడింది. జలపాతం లోంచి తాడు పట్టుకుని దిగుదామని డబ్బులు కట్టి వచ్చినవాళ్లం, ఇక్కడ బూట్లు తోముకుంటూ కూర్చున్నాం.

నావి రెండు వారాల కింద వేరే అడవికి వేసుకెళ్లిన బూట్లే. ఇంట్లో కుళాయి కింద పెట్టి పైపైన కడిగి అది చాలనుకున్నాను. ఆ అమ్మాయి ఎడమ బూటు తిరగేసి, అడుగున గాళ్లలోంచి చిటికెడు మట్టి, దాంతోపాటు ఒక ఎండు గడ్డి గింజ తీసి అరచేతిలో పెట్టుకుని "ఇది ఏ అడవిది?" అంది. కోప్పడలేదు, మామూలుగానే అడిగింది. నాకే తల కొట్టేసినట్టయింది. చిన్నప్పుడు ఊరంతా తిరిగి ఇంటికొస్తే మా నాయనమ్మ గడప దగ్గరే ఆపి చెంబు చేతికిచ్చేది. కడుక్కున్నాక మడమల వెనక తడిసిందో లేదో వంగి మరీ చూసేది, తడవకపోతే మళ్లీ చెంబు. నలభై ఏళ్లు దగ్గర పడుతుండగా ఆ చూపు మళ్లీ ఇక్కడ ఎదురవుతుందని అనుకోలేదు.

మేముండేది సిడ్నీ పడమటి వైపు వెంట్‌వర్త్‌విల్‌లో, తెలుగు, తమిళం వినపడ్డాకే ఇంగ్లిష్ వినపడే చోటు. మేం వెళ్లింది వెంట్‌వర్త్ ఫాల్స్‌కి, కొండల మీద ఉంటుంది, కారులో గంట పైన పడుతుంది. రెండు వెంట్‌వర్త్‌లూ ఒకటేనా బావా అని మావాడు దారిలో ఫోన్ తీసి వెతికాడు. కాదట. మాది తండ్రి డార్సీ వెంట్‌వర్త్ పేరు, అది కొడుకు విలియం చార్లెస్ వెంట్‌వర్త్ పేరు. ఆ కొడుకు 1813లో ఇంకో ఇద్దరితో కలిసి ఈ బ్లూ మౌంటెన్స్ దాటినవాడు. ఆ కొండల్లో దారులు అక్కడి ఆదివాసులు గుండుంగుర్రా, దారుగ్ జనాలకి వేల ఏళ్లుగా తెలిసినవే అనుకోండి, అయినా ఊళ్లకి పేర్లు పెట్టేది వేరేవాళ్లు కదా.

ఎంప్రెస్ కాన్యన్ అంటారు దాన్ని. వ్యాలీ ఆఫ్ ది వాటర్స్ అనే వాగు మీద ఉంది, పార్కింగ్ పక్కనున్న కన్జర్వేషన్ హట్ దగ్గర మొదలుపెట్టి మెట్ల దారిలో కొంత దూరం నడిస్తే వచ్చేస్తుంది. మన గండికోట చూసినవాళ్లకి లోయ అంటే గట్టు మీద నిలబడి కిందికి చూసే వస్తువు. ఇది పైనుంచి కనపడదు. చెట్ల మధ్యలో ఏదో నీళ్ల చప్పుడు, అంతే. వాగు ఇసుకరాతిలో ఒక పగులు పట్టుకుని, కోసుకుంటూ కోసుకుంటూ లోపలికి దిగిపోయింది, మనం ఆ వాగుతో పాటే దిగాలి, నడిచే చోట నడిచి, ఈదే చోట ఈది, జారే చోట జారి, దూకే చోట దూకి, ఇక ఏదీ కుదరని చోట తాడు. కొన్ని చోట్ల రెండు చేతులు చాపితే అటు గోడా ఇటు గోడా తగిలేంత సందు. ఒకసారి లోపల దిగాక వెనక్కి ఎక్కి రావడం అనేది ఉండదు, అవతలి చివర బయటపడాల్సిందే.

అందుకే ముందు వారం మా ట్రిప్ క్యాన్సిల్ చేశారు. శనివారం రాత్రి మెసేజ్ వచ్చింది, వాన పడింది, రావద్దని. నాకు చిరాకేసింది, తెల్లారి మా ఇంటి దగ్గర చూస్తే ఎండ కాస్తోంది మరి. లోపల నిలబడి తల పైకెత్తి చూశాక అర్థమైంది, పైన ఊళ్లో పడ్డ నీళ్లన్నీ ఇంత సందులోకే వస్తే పక్కకి తప్పుకోవడానికి ఎక్కడుంది చోటు.

సరే, బూట్ల దగ్గరికి వద్దాం. స్ప్రే బాటిల్‌లో ఉన్నది స్పిరిట్. మట్టి మొత్తం పోయాక అడుగున కొడతారు, అది ఆరేదాకా ఆగాలి. మావాడు ఉండబట్టలేక అడిగేశాడు, ఎలాగూ నీళ్లలోనే కదా నడిచేది, బూట్లు వాటంతటవే కడిగినట్టు కావా అని. ఆ పిల్ల నవ్వి, అదే కదా సమస్య అంది. పైన ఒక బూటు మట్టి కరిగితే దాన్ని కింద దాకా వాగే మోసుకెళ్తుంది. ఆ మట్టిలో ఏముందో మన కంటికి కనపడదు. ఫైటోఫ్తోరా అని ఒకటుంటుంది, బూజు లాంటిది, వేళ్లని పట్టుకుని చెట్టుని లోపల్నుంచి ఎండబెట్టేస్తుంది, తడిమట్టిలో పాకుతుంది అని చెప్తోంది.

ఫైటోఫ్తోరా అన్న మాట వినగానే నాకు సిడ్నీ పోయి నల్గొండ వచ్చింది. మా మేనమామకి బత్తాయి తోట ఉండేది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మొదట్లో రెండు చెట్లకి బెరడు పగిలి బంక కారడం మొదలైంది. బంక తెగులు. మామయ్య చెట్టు మొదలు చుట్టూ గోకి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూసి, లేత నీలం నిక్కరు తొడిగినట్టు వరసగా అన్ని చెట్లకీ పూసి, పాదుల్లో నీళ్లు నిలవకుండా కాలవలు తీసి, తంటాలు పడ్డాడు. అయినా తోటలో ఒక మూల మొత్తం పోయింది. దానికి కారణం కూడా ఫైటోఫ్తోరానే అని, ఇక్కడ గైడ్ చెప్తున్న దానికి అది దాయాది లాంటిదని ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. ఆ అమ్మాయికి నా వచ్చీరాని చెట్ల ఇంగ్లిష్‌లో బత్తాయి, బంక, పేస్టు అని చెప్పబోయాను గానీ మధ్యలోనే వదిలేశాను, అంత పొడుగు కథ ఆ మెట్ల మీద కుదరలేదు.

ఆమె చెప్పిన కథ మాత్రం పూర్తిగా విన్నాం, నడక పొడుగునా. ఇదే కొండల ఉత్తరాన వొల్లెమై నేషనల్ పార్క్ ఉంది. 1994లో డేవిడ్ నోబుల్ అని పార్క్ ఉద్యోగి ఒకాయన, సెలవు రోజు స్నేహితులతో కలిసి మనలాగే తాళ్లేసుకుని ఎవరూ పెద్దగా తిరగని ఒక లోయలో దిగాడు. అడుగున తను ఎప్పుడూ చూడని చెట్టు కనపడింది. చిన్న కొమ్మ తెచ్చి చూపిస్తే శాస్త్రవేత్తలకీ అంతుపట్టలేదు, చివరికి తేలిందేంటంటే ఆ జాతి చెట్టువి 9 కోట్ల ఏళ్ల నాటి శిలాజాలు ఉన్నాయి, బతికున్న చెట్టు మాత్రం లేదనే అందరూ అనుకుంటున్నారు. వొల్లెమై పైన్ అని పేరు పెట్టారు, శాస్త్రీయ నామంలో ఆయన పేరు కూడా కలిపారు, వొల్లెమియా నోబిలిస్ అని. అడవిలో ఎదిగిన చెట్లు మొత్తం వందకి లోపే. ఆ లోయ ఎక్కడుందో ఇప్పటికీ బయటికి చెప్పరు, మామూలు జనాన్ని వెళ్లనివ్వరు.

ఇంత దాచినా 2005లో అక్కడి మట్టిలో ఫైటోఫ్తోరా దొరికింది. అనుమతి లేకుండా ఎవరో వెళ్లొచ్చిన బూట్లే తెచ్చి ఉంటాయని అనుమానం. తర్వాత 2019 చివర్లో వచ్చిన కార్చిచ్చు, గోస్పర్స్ మౌంటెన్ ఫైర్ అని ఇక్కడ అందరికీ గుర్తే, మా ఊళ్లో కూడా ఆకాశం ఎర్రగా ఉండి బాల్కనీలో బూడిద పడేది, అది 5 లక్షల హెక్టార్లకి పైగా కాల్చేసింది. అప్పుడు హెలికాప్టర్ల నుంచి ఫైర్‌వాళ్లని ఆ లోయలోకి దింపి, చెట్ల మధ్య పైపులు పరిచి తడిపారు. చెట్లు నిలబడ్డాయి. మంట వస్తే కనపడింది కాబట్టి పైపులేశారు, బూటు మట్టి వస్తుంటే ఎవరు చూస్తారు అని ఆ పిల్ల అని, తర్వాతి మాటలోనే హెల్మెట్ బెల్టులు బిగించుకోండి అంది.

మావాడు ఊరుకోడు కదా. ఆ లోయ సుమారుగా ఎటు వైపుంటుందండీ అని అడిగాడు. ఆమె వాడి మొహం వంక చూసి, సిడ్నీ బొటానిక్ గార్డెన్‌లో ఒక చెట్టు పెంచుతున్నారు, రైలు దిగి నడిచి వెళ్లొచ్చు అంది.

కాన్యన్ మొదట్లో వెట్‌సూట్ వేసుకున్నాం. ఆ వేసుకోవడం గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. మొత్తం ఆరుగురం, ఇద్దరు గైడ్లు. గైడ్ల కాళ్లకి చూస్తే పాత డన్‌లప్ వాలీ కాన్వాసు బూట్లు, టెన్నిస్ ఆడేవి. నేనేమో పెద్ద ధర పెట్టి కొన్న ట్రెక్కింగ్ బూట్లు. ఇక్కడ కాన్యన్లలో తిరిగేవాళ్లు ఎప్పట్నించో ఆ కాన్వాసు బూట్లకే అలవాటు పడ్డారట, తడి ఇసుకరాతి మీద పట్టు బాగుంటుందట. మొదటి గుంటలో దిగిన రెండు నిమిషాలకే నా బూట్లు చెరో రెండు కిలోలు బరువెక్కాయి, వాళ్లు కోతుల్లా గెంతుతున్నారు.

నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. మురికి కాదు, పైన ఆకులూ పీచూ నానిన రంగు. ఈ కొండల అంచుల మీద చిత్తడి నేలలు ఉంటాయి, స్పాంజిలా వాన నీళ్లు పట్టి ఉంచి ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా వాగులోకి వదులుతుంటాయి. బ్లూ మౌంటెన్స్ వాటర్ స్కింక్ అని ఒక రకం బల్లి ఆ చిత్తడిని నమ్ముకునే బతుకుతుంది, అంతరించిపోయే జాబితాలో ఉంది. చూడ్డానికి మన నలికిరి పాములా ఉంటుంది. మాకు కనపడలేదు. కనపడింది చలి. జనవరి నెల, ఇక్కడ నడి వేసవి, వెంట్‌వర్త్‌విల్‌లో ఫ్యాన్ కింద కూర్చోలేని ఎండ, ఆ సందులో మాత్రం పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

మొదటి దూకుడు ఒక నాలుగు మీటర్లుంటుంది. చేతులు గుండెకి కట్టుకోండి, కాళ్లు ముందు పడాలి, నేను చూపించిన చోటే పడాలి అని చెప్పింది. నేను ఈత నేర్చుకుంది మా ఊరి బావిలో, నడుముకి బెండ్లు కట్టుకుని. బెండ్లు తీసేసిన రోజు మామయ్య వెనక నుంచి తోశాడు, అదే నా డిగ్రీ. ఆ ధైర్యంతో గట్టు మీదికి వచ్చి కిందికి చూస్తే, బావికున్నంత వెడల్పు కూడా లేదు, నీళ్లు నల్లగా ఉన్నాయి, అడుగు కనపడదు. "బావా, దూకెయ్, అక్కకి నేను చెప్తాలే" అన్నాడు వెనక నుంచి బామ్మర్ది. ఏం చెప్తాడో నాకిప్పటికీ తెలీదు. దూకాను. ముక్కులోంచి నీళ్లు మెదడు దాకా వెళ్లినట్టయింది. పైకి తేలాక మాత్రం నవ్వాగలేదు, మళ్లీ దూకుతానని అడిగాను, వెనక్కి ఎక్కడానికి దారి లేదన్న సంగతి అప్పుడే మర్చిపోయి.

ఆ తర్వాత గుంటలో అందరినీ ఆపింది. నీళ్లు మోకాలి లోతు, ఒక రాతి పక్కన క్రేఫిష్. రొయ్యకీ పీతకీ మధ్యరకంగా ఉంటుంది, జానెడు పొడుగు, గోధుమరంగులో ఎరుపు, వీపంతా ముళ్లు. మమ్మల్ని చూసి పారిపోలేదు, రెండు డెక్కలూ పైకెత్తి, రండి చూసుకుందాం అన్నట్టు నిలబడింది. ఆరుగురు మనుషులు హెల్మెట్లు పెట్టుకుని, రబ్బరు బట్టలు తొడుక్కుని, జానెడు ప్రాణి దారివ్వాలని వరసలో నిలబడి వణుకుతున్నాం. మావాడు తెలుగులో మెల్లిగా "పులుసు పెడితేనా" అన్నాడు, నేను మోచేత్తో పొడిచాను. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి, ఇంత సైజు రావడానికి ఏళ్లు పడుతుంది అని గైడ్ చెప్పింది. రాళ్లు కదపొద్దనీ, గోడల మీద నాచు పట్టుకోవద్దనీ, వీలైనంత వరకూ నీళ్లలోనే, రాతి మీదే అడుగెయ్యమనీ పొద్దున చెప్పినవన్నీ నాకు రూల్స్‌లాగా వినపడ్డాయి. అది డెక్కలు ఎత్తి చూపించాక, మనం తిరుగుతున్నది దాని పడగ్గదిలో అని తెలిసొచ్చింది. చివరికి అదే రాతి కిందికి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయింది, డెక్కలు దించకుండానే.

ఇక ఎంప్రెస్ ఫాల్స్. కాన్యన్ అక్కడ తెగిపోతుంది, వాగు ఒక్కసారిగా 30 మీటర్లు కిందికి పడుతుంది, మనమూ దాని పక్కనే, సగం నుంచి దాంట్లోనే, తాడు మీద దిగాలి. మనవాళ్లు రాపెల్లింగ్ అంటారు, ఇక్కడ ఆబ్‌సీలింగ్. కుడి చెయ్యి తుంటి వెనక, అదే బ్రేకు, అది వదలకూడదు, కాళ్లు వెడల్పుగా, వీపు వెనక్కి వాల్చాలి, గోడకి అతుక్కోకూడదు. అతుక్కుంటే కాళ్లు జారతాయి. ఇన్నీ తెలుసు నాకు, బట్టీ పట్టాను. అంచు దాటిన ఐదో అడుగులో చక్కగా గోడకి అతుక్కున్నాను, కాళ్లు జారాయి, గిర్రున తిరిగి భుజం రాతికి కొట్టుకుంది, హెల్మెట్ టక్కుమంది, నెత్తి మీద నీళ్లు. "అమ్మో!" అని నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

కింద ఉన్న రెండో గైడ్ తాడు చివర బిగించి పట్టుకున్నాడు, దాంతో నేను ఉన్నచోటే ఆగిపోయాను. వేలాడుతున్నాను. ఊపిరి తీసుకో, కాళ్లు పెట్టుకో, తొందరేం లేదు అని పైనుంచి ఆ పిల్ల గొంతు. కళ్లు తెరిస్తే మొహానికి మూరెడు దూరంలో తడి గోడ, ఆ గోడ మీద ఒక చిన్న మొక్క. సన్నటి ఆకు చివర రెండుగా చీలి ఉంది, ఆకంతా ఎర్రటి వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా మంచుబిందువు లాంటి బొట్టు. ఒక బొట్టుకి ఆవగింజంత ఈగ అంటుకుని ఒక కాలు ఇంకా ఆడిస్తోంది. సండ్యూ. పురుగుల్ని జిగురుతో పట్టి తినే మొక్క, సైన్సు పుస్తకంలో బొమ్మగా చూసిందే. దాని పక్కనే నా బూటు గీసిన గీత, జానెడు పొడుగున నాచు లేచిపోయి రాయి తెల్లగా కనపడుతోంది. అది నేను జారినప్పుడు చేసిన పనే. ఇంకో రెండు వేళ్లు ఇటు జారి ఉంటే ఆ మొక్క ఉండేది కాదు.

వెంట్‌వర్త్ ఫాల్స్ నుంచి కటూంబా దాకా ఉన్న కొన్ని జలపాతాల తుంపర్ల తడిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పెరగని మరుగుజ్జు పైన్ పొద ఒకటుందని తర్వాత మెట్లెక్కుతూ చెప్పింది. దానికి పెద్ద గండం పైనున్న ఊళ్ల నుంచి వచ్చే మురికి నీళ్లూ, వాటితో వచ్చే కలుపు మొక్కలూ అట. నేను చూసిన గోడ మీద అది లేదు. ఉంటే నా బూటు కిందే ఉండేదేమో, నా అదృష్టం అలాంటిది.

మళ్లీ కాళ్లు పెట్టుకుని, ఈసారి వెనక్కి వాలి, మిగతాది బుద్ధిగా దిగాను. చివర్లో నీళ్లు నెత్తి మీద పడుతుంటే ఏమీ కనపడదు, ఏమీ వినపడదు, చేతిలో తాడు జారుతున్నది ఒక్కటే తెలుస్తుంది. కింద గుంటలో పడి, ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చేసరికి నడకదారిలో ఆగి చూస్తున్న జనం చప్పట్లు కొడుతున్నారు. నేను సిగ్గుతో తల వంచుకుని హార్నెస్ విప్పుకుంటుంటే పక్కనుంచి "తెలుగువాళ్లేనా అన్నా?" అని వినిపించింది. చంకలో చిన్నపిల్లతో ఒకాయన. ఎలా గుర్తుపట్టారండీ అంటే, అమ్మో అన్నారు కదా అన్నాడు.

తిరిగి పైకి మెట్లే మెట్లు. మా పిక్కలకి తెలుసు ఆ బాధ. దారిలో ఒక పొదలోంచి కొరడా ఝళిపించినట్టు విప్‌బర్డ్ కూత, వెంటనే అదే పొదలోంచి కూకబర్రా నవ్వు, మళ్లీ ఇంకేదో పిట్ట. మూడూ ఒకటే, లైర్‌బర్డ్, అన్ని పిట్టల్నీ అనుకరిస్తుంది. కాసేపు నిలబడితే "అమ్మో" కూడా నేర్చుకునేది. మావాడి చీలమండ మీద రెండు జలగలు తగిలాయి, వాడి అరుపు వేరే కథ.

ఇంటికొచ్చాక అమ్మకి వీడియో కాల్ చేశాను. ఫోటోలు చూసి, "బావిల దుంకుడు ఇంక మానలేదారా నువ్వు" అంది. అప్పటికి నేను బాత్రూంలో బకెట్ ముందు కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో బూట్లు తోముతున్నాను. మార్చిలో ఇంకో కాన్యన్ బుక్ చేశాడు మావాడు, అది వేరే వాగు. "ఇస్తిరి చేస్తవా ఏంది, అంత సేపు రుద్దుతున్నవ్?" అంది అమ్మ. నాయనమ్మ గుర్తొచ్చింది అన్నాను. అమ్మకి ఏం అర్థమైందో గానీ ఫోన్ కొంచెం కిందికి పట్టుకో, మడిమె దిక్కు కూడ చూపియ్ అంది.

తిప్పి చూపించాను. కుడి బూటు గాడిలో ఇంకో గింజ ఉంది, ఈసారి ఎంప్రెస్‌ది. పుల్లతో తీసి, ప్లాస్టిక్ కవర్లో వేసి, గట్టిగా ముడేసి చెత్తడబ్బాలో పడేశాను.